గర్భంలోని శిశువు – దైవంపై భరోసా

డాక్టరు "డాప్లర్ స్కానింగ్ చేయించండి" అని చీటీ రాసిచ్చినప్పుడు కొన్ని ఇళ్లలో ఒక సందేహం తలెత్తుతుంది. మాతృగర్భాలలో ఉన్నదాని జ్ఞానం అల్లాహ్‌దేనని లుఖ్మాన్ సూరా చివరి ఆయతు (31:34) తెలుపుతోంది కదా, మరి లోపలికి తొంగిచూడటం తగునా? అంత దూరం ఆలోచించకుండానే "అల్లాహ్ ఉన్నాడు, ఏమీ కాదు" అని చీటీ మడిచి పక్కన పెట్టే పెద్దలూ మనలో ఉన్నారు.

ముందు ఆ పరీక్ష ఏమిటో చూద్దాం. బొడ్డుతాడు ధమనిలో రక్తం ఎంత వేగంగా పోతోందో అది ధ్వని తరంగాలతో కొలుస్తుంది. మావి బాగుంటే, గుండె రెండుసార్లు కొట్టుకునే మధ్య విరామంలో కూడా రక్తం ముందుకే సాగుతుంది. మావి దెబ్బతింటే ఆ విరామంలో ప్రవాహం తగ్గుతుంది, తర్వాత ఆగిపోతుంది, చివరికి వెనక్కి మళ్లుతుంది. అప్పుడు శిశువు శరీరం ఉన్న కాస్త ప్రాణవాయువునూ మెదడుకు మళ్లించుకుంటుంది. మెదడులోని ధమనిని కొలిస్తే ఈ సంగతీ తెలుస్తుంది. ఆ పసికందుకు ఈ పొదుపు నేర్పిందెవరు? సుబ్హానల్లాహ్!

ఇంతకూ మనకు తెలిసింది ఈ పూట నెత్తురు ఎలా పారుతోందన్నదే. ఆ బిడ్డ ఆయుష్షు, ఉపాధి, పర్యవసానం ఏ యంత్రానికీ అందవు. నాడి పట్టి చూసే హకీమును అగోచర జ్ఞాని అని మనం ఎన్నడూ అనలేదు కదా!

ఇక తవక్కుల్ మాట. ప్లేగు వ్యాపించిన సిరియాలోకి వెళ్లకుండా హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ నుంచి వెనుదిరిగారు. దైవవిధి నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగితే, ఒక విధి నుంచి మరో విధి వైపుకే వెళుతున్నామని జవాబిచ్చారు. స్కానింగుకు వెళ్లే దారి కూడా అటువంటిదే.

అయితే ఇది అందరికీ అవసరం లేదు. బీపీ ఉన్నవారు, బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉన్నవారు వంటి ప్రమాదం ఎక్కువున్న గర్భిణుల మీద జరిగిన ప్రయోగాలను కోక్రేన్ సంస్థ 2017లో సమీక్షించింది. ఈ పరీక్ష జరిగినచోట శిశుమరణాలు వెయ్యికి 17 నుంచి 12కు తగ్గినట్లు కనిపించింది. ఆరోగ్యంగా ఉన్న గర్భిణులందరికీ చేయడం వల్ల మేలు రుజువు కాలేదు. అక్కర లేకుండా ఖర్చు పెట్టడం ఇస్రాఫ్. ఆ యంత్రాన్నే ఆడా మగా అని తెలుసుకోవడానికి వాడటం గురించి వేరే చెప్పాలా? 1994 చట్టం దాన్ని నిషేధించింది. ఆడశిశువుల హత్యను ఖుర్ఆన్ అంతకు ఎంతో ముందే ఖండించింది.

అసలు కష్టం 26 వారాలకే ప్రవాహం వెనక్కి మళ్లినప్పుడు వస్తుంది. కాన్పు చేస్తే బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా పక్వం కాలేదు. ఆగితే లోపలే ప్రాణం పోవచ్చు. ఇక్కడ వైద్యుల అభిప్రాయాలే వేరువేరుగా ఉంటాయి. దంపతులు వారిని విచారించి, ఇస్తిఖారా చేసి ఏ దారి ఎంచుకున్నా వారిపై నింద లేదు. ఫలితం ఏదైనా, "నీ వల్లే" అని ఆ తల్లిని అనే హక్కు అత్తకు గానీ, భర్తకు గానీ షరీఅత్ ఇవ్వలేదు.