ఈ వారానికి ఒక పాట

ధ్యాన భాగం: కీర్తనలు 137:1-4

రాత్రి పాలు తోడు పెట్టేటప్పుడు మన అమ్మలను గమనించారా? ఉన్న పెరుగంతా ఊడ్చి వడ్డించేయరు. గిన్నె అడుగున ఒక చెంచాడు ఉంచుతారు. గోరువెచ్చని పాలలో అది కలిపి, మూతపెట్టి, వెళ్ళి పడుకుంటారు. మధ్యలో లేచి వచ్చి మూత తీసి చూడరు. కదిపితే తోడుకోదని వాళ్ళకు తెలుసు.

ప్రియ నేస్తమా, పాటలు రాసే మీరు చాలా రోజులుగా మూత తీసి చూస్తూనే ఉన్నారేమో. పని నుంచి వచ్చి, ఇల్లంతా సద్దుమణిగాక కీబోర్డు ముందు కూర్చుంటారు. ఫోన్‌లో కూనిరాగంగా రికార్డు చేసుకున్న పల్లవి ఒకటుంది. దాన్నే మళ్ళీ మళ్ళీ వింటారు. చరణం రాదు. వచ్చినా ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ‘చరణము’ పక్కన ‘శరణము’ చక్కగా కుదురుతుంది గాని అందులో ప్రాణం ఉండదు. ఇంతలో ఆదివారం వచ్చేస్తుంది. కొత్త పాట అయిందా అని క్వయిర్ వాళ్ళు అడుగుతారు. మీరు నవ్వి మాట మార్చేస్తారు.

ఆ నవ్వు వెనక ఒక భయం ఉంటుంది. దేవుడు నాకిచ్చిన వరాన్ని వెనక్కి తీసేసుకున్నాడా? నాలో ఏదైనా లోపముందా?

‘అమేజింగ్ గ్రేస్’ రాసిన జాన్ న్యూటన్ పేరు మీరు వినే ఉంటారు. ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్. ప్రభువు ఆయన బ్రతుకు మార్చాక, 1764లో ఇంగ్లండులోని ఓల్నీ అనే చిన్న ఊరికి సేవకుడిగా వచ్చాడు. ఆ ఊళ్ళో చాలామంది లేసు అల్లి బతికే పేదలు. మన నరసాపురం వైపు ఆడవాళ్ళు క్రోషె సూదితో అల్లుతారు కదా, వీళ్ళది వేరే పద్ధతి. ముందు దిండు పెట్టుకొని, దానికి గుండుసూదులు గుచ్చి, కండెల దారాలను ఒకదాని మీదుగా ఒకటి వేస్తూ పొద్దంతా వంగి కూర్చునేవాళ్ళు. అలాంటి మనుషులు వారం వారం ప్రార్థన కూడికకు వస్తే, వాళ్ళ నోటికి పట్టే మాటలతో న్యూటన్ పాటలు రాసేవాడు. ‘అమేజింగ్ గ్రేస్’ కూడా అలా ఒక ప్రసంగం కోసం పుట్టిందే. 1773 జనవరి 1న ఆయన తీసుకున్న వాక్యం దినవృత్తాంతములు మొదటి గ్రంథం 17వ అధ్యాయంలోనిది. తనను ఇంతదూరం తీసుకొచ్చిన దేవుని ముందు దావీదు కూర్చుని ఆశ్చర్యపోయే భాగమది.

న్యూటన్‌తో కలిసి పాటలు రాసిన స్నేహితుడు విలియం కూపర్ గొప్ప కవి. అదే జనవరిలో ఆయన మనసు తీవ్రంగా జబ్బుపడింది. దేవుడు తనను విడిచేశాడన్న తలంపు ఆయన్ని పట్టుకుంది. న్యూటన్ దంపతులు ఆయన్ని నెలల తరబడి తమ ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నారు. ఇద్దరూ కలిసి తేవాలనుకున్న పాటల పుస్తకం ఆగిపోయింది. బబులోను నదుల దగ్గర కూర్చున్నవాళ్ళలాగా తానూ సితారాను చెట్టుకు తగిలించేశానని, స్నేహితుడు లేకుండా ఇక సాగకూడదనుకున్నానని న్యూటన్ తర్వాత ముందుమాటలో చెప్పుకున్నాడు. కొంతకాలానికి మళ్ళీ కలం పట్టాడు. 1779లో ‘ఓల్నీ హిమ్స్’ వెలువడింది. అందులోని 348 పాటల్లో అరవైకి పైగా కూపర్‌వే.

ఆ ప్రసిద్ధమైన పాట కంటే, సితారా చెట్టుకు వేలాడిన ఆ రోజులే నాకు ఎక్కువ ధైర్యమిస్తాయి. అప్పుడు కూడా న్యూటన్ వాక్యం చెప్పాడు, జబ్బుపడిన స్నేహితుడి పక్కన ఉన్నాడు. కూపర్‌కు దేవుడు కనబడకుండా పోయినా, ఆయన్ని కనిపెట్టుకుని ఉండే మనుషులు అదే ఇంట్లో ఉన్నారు. దేవుని కాపుదల చాలాసార్లు అలా ఒక మనిషి చేతుల్లోంచే మనకు అందుతుంది.

137వ కీర్తన మరోసారి చదవండి. పాడలేమని ఏడ్చినవాళ్ళ మాటలవి. దేవుడు వాటిని కీర్తనల గ్రంథంలోనే ఉంచాడు. పాట రాని మీ రాత్రులు ఆయనకు పనికిరానివి ఎలా అవుతాయి?

ఒక్క మాట. ఈ అలసట పాటల దగ్గరే ఆగకుండా నిద్రను, ఆకలిని కూడా పాడుచేస్తుంటే దాచుకోకండి. ఇంట్లోవాళ్ళకు చెప్పండి, డాక్టరును కలవండి. అది విశ్వాసం తక్కువైనట్టు కానే కాదు.

ఈ వారం ఇలా చేసి చూద్దామా? కొత్త ట్యూన్ల కోసం యూట్యూబ్ తెరిచే ముందు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీయండి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి, పైన అచ్చువేసిన రాగం, తాళం చూసుకుని నెమ్మదిగా పాడుకోండి. రేపటి పాటకు అదే మీ చెంచాడు పెరుగు. తర్వాత మీ సంఘంలో ఒక్క మనిషిని మనసులో పెట్టుకోండి. ఈమధ్యే భర్తను పోగొట్టుకున్న అక్క కావచ్చు, ఉద్యోగం పోయిన తమ్ముడు కావచ్చు. వెళ్ళి పలకరించండి. వాళ్ళు ప్రార్థనలో ఏ మాట దగ్గర ఆగిపోతున్నారో వినండి. ఆ మాటతో ఒక్క చరణం రాయండి. వాళ్ళ గొంతుకు అందే శ్రుతిలోనే ఉంచండి. ఆదివారానికి పూర్తికాకపోతే, ఉన్న ఆ నాలుగు పాదాలే వాళ్ళ ఇంటికి వెళ్ళి పాడి రండి.

ప్రార్థన: ప్రభువా, ఈ వారం మా సంఘంలో ఎవరికి పాట అవసరమో నాకు చూపించు. రాయడానికి ఓపిక ఇవ్వు. రాయలేని రోజున వాళ్ళ పక్కన కూర్చునే మనసివ్వు. యేసు నామమున అడుగుతున్నాను తండ్రీ, ఆమేన్.