సాకిందెవరు?

భార్యాభర్తలు విడిపోతే పసిబిడ్డ ఎవరి దగ్గరుండాలి? 1981లో వెస్ట్ వర్జీనియా సుప్రీంకోర్టు, గార్స్కా–మెకాయ్ కేసులో, అంతవరకు ప్రధానంగా సాకినవారి దగ్గరే అన్నది. తల్లా తండ్రా అని కాక, అన్నం వండిందెవరు, నీళ్ళు పోసిందెవరు, రాత్రి లేచిందెవరు అని లెక్క అడిగింది. సంపాదన ఆ లెక్కలోకి రాలేదు. 2000 నుంచి అక్కడ వేరే పద్ధతి వచ్చింది గాని, ప్రశ్న పాతబడలేదు.

రోగి కోసం అర్ధరాత్రి లేచే డాక్టర్లం మేమిద్దరం, ఆ జాబితా చదివి తలవంచుకున్నాం. మా ఇంట ఆ పనులన్నీ చేసింది ఆరు నెలలుండటానికి గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు. డ్యూటీలు పాప కోసమేగా అంటాం. నిజమే. అయినా జ్వరమొచ్చిన రాత్రి పాప పిలిచింది అమ్మమ్మనే. ఆవిడ అప్పటికే వెళ్ళిపోయారు. రేపు మేమే కోర్టుకెక్కితే, సాకింది నేనని మాలో ఎవరు చెయ్యెత్తగలరు?