కాశీలో నాలుగణాలు

కాశీలో కన్ను మూస్తే మోక్షమన్న నమ్మకంతో వయసు మళ్లినవారు ఆ ఊరు చేరడం ఎప్పటి నుంచో ఉన్నదే. దాన్నే తెలుగువారు కాశీవాసం అంటారు. వచ్చేటప్పుడు కొంగున ముడేసుకున్న డబ్బు నాలుగు రోజుల్లో అయిపోతుంది. చావు మాత్రం అనుకున్న వేళకు రాదు. 19వ శతాబ్దం ముగిసేనాటికి ఇలా రోగంతో, ఆకలితో సందుల్లోనూ మెట్ల మీదా పడి ఉండే వృద్ధులు కాశీలో ఎవరికీ కొత్త కాదు.

1900లో ఒకనాడు అలాంటి ఒక ముసలమ్మ యామినీ రంజన్ మజుందార్ అనే యువకుడి కంటపడింది. అతని దగ్గరా పైసా లేదు. దారిన పోయే ఒకాయన్ని నాలుగణాలు అడిగి తెచ్చి, ఆమె ఆకలి తీర్చాడు. చారుచంద్ర దాస్, కేదారనాథ్ మౌలిక్ వంటి మిత్రులు తోడయ్యారు. వీళ్లంతా వివేకానందుని రచనలు చదివి ఉత్సాహపడినవాళ్లే. ఇంటింటికీ తిరిగి చందాలు అడిగారు, రోగుల్ని చేతుల మీద మోశారు, వాళ్ల మలమూత్రాలు ఎత్తారు. ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. తమ జట్టుకు ఇంగ్లీషులో 'పూర్ మెన్స్ రిలీఫ్ అసోసియేషన్' అని పేరు పెట్టుకున్నారు. అంటే పేదల సహాయ సంఘం.

1902 మొదట్లో స్వామి వివేకానంద కాశీ వచ్చినప్పుడు ఈ పని చూసి ఎంతో సంతోషించారు. పేరు మాత్రం ఆయనకు నచ్చలేదు. ఒకరిని ఉద్ధరించడానికి మనమెవరం, మనకు చేతనైంది సేవ ఒక్కటే కదా అన్నారు. ఆయన మాట మీద అది 'హోమ్ ఆఫ్ సర్వీస్', సేవాశ్రమం అయింది.

ఈ అభ్యంతరానికి మూలం కలకత్తా దగ్గరి దక్షిణేశ్వరంలో ఉంది. 1884లో వైష్ణవ ధర్మాన్ని వివరిస్తూ 'జీవుల పట్ల దయ' అన్న మాట దగ్గర వివేకానందుని గురువు శ్రీరామకృష్ణులు ఆగిపోయారు. దయ చూపడానికి మనిషికి ఏం అధికారం, జీవుణ్ణి శివుడిగా భావించి సేవించాలి గానీ అన్నారు. అక్కడున్న యువ నరేంద్రుడు, అంటే తర్వాతి వివేకానందుడు, దాన్ని మరిచిపోలేదు.

సేవ అన్న మాట తెలుగువారికి గుడిలోనే ఎక్కువ పరిచయం. సుప్రభాత సేవ, తోమాల సేవ, ఏకాంత సేవ. వేళ తప్పితే అర్చకుడు తప్పు చేసినవాడవుతాడు. స్వామి తనకు రుణపడ్డాడని ఏ అర్చకుడూ అనుకోడు. సేవాసంఘానికి ఈ అర్థం వర్తింపజేస్తే మంచం మీది రోగి మూలవిరాట్టు స్థానంలోకి వస్తాడు, కార్యకర్త పరిచారకుడవుతాడు. రోగి విసుక్కున్నా కసురుకున్నా పని ఆగదు. శాస్త్రం కూడా ఇచ్చేవాడినే కట్టడి చేసింది. సిగ్గుతో ఇవ్వమని తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి చెబుతుంది. పుచ్చుకునేవాణ్ణి చులకన చేస్తూ ఇచ్చిన దానాన్ని భగవద్గీత పదిహేడో అధ్యాయం తామస దానాల్లో చేర్చింది. ఆసుపత్రి వార్డులో ఒక్క అరటిపండును పదిమంది పట్టుకుని దిగే ఫొటో ఏ లెక్కలోకి వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

సంఘం నడపడంలో కష్టమైన భాగం ప్రారంభోత్సవం తర్వాతే మొదలవుతుంది. ఉగాదికి రిబ్బన్ కత్తిరించిన చలివేంద్రంలో కుండలు రోహిణి కార్తె ఎండల్లోనూ నిండుతున్నాయా? కుండ రోజూ కడగాలి, మూత వేయాలి, నీళ్లు తెచ్చే మనిషికి డబ్బివ్వాలి. దీనికి ఉపన్యాసకుల కన్నా వంతులు తప్పని నలుగురు చాలు. నిత్యార్చన అంటే ఇదే, గంట మోగదంతే. జమాఖర్చుల పుస్తకం కూడా ఈ అర్చనలో భాగమే. ఊరి డబ్బు దేవుడి సొమ్మనుకున్నవాడికి పద్దు రాయడం చిన్నతనం అనిపించదు. కాశీ యువకులూ తమ పనికి నివేదిక అచ్చువేశారు. దానికి జతగా విరాళాల కోసం విజ్ఞప్తి లేఖను వివేకానందులే రాసిచ్చారు.

1902 జులైలో ఆయన దేహం చాలించారు. నవంబరులో సేవాశ్రమం రామకృష్ణ మిషన్ చేతికి వచ్చింది. చారుచంద్ర, కేదారనాథ్ తర్వాత సన్యసించి శుభానంద, అచలానంద స్వాములయ్యారు. అద్దె ఇంటి పని పెరిగి లక్సా ప్రాంతంలో సొంత భవనాలతో ఆసుపత్రి అయింది.

1912లో శ్రీరామకృష్ణుల సహధర్మచారిణి శారదాదేవి కాశీ వచ్చినప్పుడు సేవాశ్రమమంతా తిరిగి చూశారు. ఠాకూర్ (శ్రీరామకృష్ణులు) ఇక్కడే ఉన్నారని చెప్పి, బసకు వెళ్లాక పది రూపాయల నోటు ఒకటి విరాళంగా పంపించారు. ఆ నోటును సేవాశ్రమం వారు ఖర్చు చేయలేదు, దాచి ఉంచుకున్నారు.