రాముడు చెల్లించిన పైకం

“సీతారాముల కల్యాణానికి ముఖ్యమంత్రి పట్టువస్త్రాల పళ్లెం తలమీద పెట్టుకుని మిథిలా స్టేడియంలోకి నడిచొస్తుంటే అందులో నీకు తప్పేం కనిపించిందమ్మా?” అని అడిగాడు బాబాయి. డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన మనిషి, శ్రీరామనవమికి భద్రాచలంలో సెక్టార్ డ్యూటీలు చేసినవాడు.

“పళ్లెం మోయడం తప్పని నేననలేదు. అది ఎవరి తరఫున వస్తోందనేదే నా ప్రశ్న. ఆయన తరఫునా, రాష్ట్రంలో ఉన్న అందరి తరఫునా?”

“అందరి తరఫునే. ప్రభుత్వ లాంఛనం అంటే అదే కదా. ఆ మాటకొస్తే మొదలుపెట్టింది మనవాళ్లా? గోల్కొండను ఏలిన ముస్లిం పాదుషా తానీషా ఈ కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపాడు. అప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకు?”

“తానీషా తనది కాని దేవుడికి పంపాడు బాబాయ్. ఆ పనిలోని గొప్పతనమంతా అక్కడే ఉంది. ఇవాళ ఒక మంత్రి తన ఇష్టదైవానికి ప్రభుత్వం పేరిట సమర్పించడం దానికి సాటి ఎలా అవుతుంది? పైగా గోల్కొండ ఖజానా పాదుషాది, ఎవరికిచ్చినా అడిగేవాడు లేడు. ఇప్పటి ఖజానాకు యజమాని జనం. అందులో రాముడికి మొక్కేవాళ్లున్నారు, మొక్కనివాళ్లూ ఉన్నారు.”

బాబాయి అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. “మరి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు రాజశేఖరరెడ్డి క్రైస్తవుడై ఉండీ తిరుమలకు పట్టువస్త్రాలు తీసుకెళ్లాడు. తర్వాత ఆయన కొడుకూ తీసుకెళ్లాడు. అక్కడికి వెళ్లింది కుర్చీ, మనిషి కాదు. మనిషి మతం ఏదైనా కుర్చీ తన పని తను చేసింది. ఇంతకంటే తటస్థత ఏముంటుంది?”

ఆయన వాదనలో అన్నిటికంటే బలమైనది ఇదే. అందుకే దీని దగ్గర కాసేపు ఆగాలి. 2020 సెప్టెంబరులో తిరుమల బ్రహ్మోత్సవాలకు ఆ కొడుకే, జగన్ మోహన్ రెడ్డి, ముఖ్యమంత్రిగా వెళ్లబోతుంటే, స్వామిమీద నమ్మకం ఉందని డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలని పెద్ద గొడవ జరిగింది. వెళ్లింది కుర్చీయే అయితే కుర్చీకి నమ్మకమేమిటి? వెళ్లింది మనిషే అయితే ప్రభుత్వ లాంఛనమేమిటి? పూజను ఉద్యోగ ధర్మంలో కలిపేశాక, ఆ ఉద్యోగంలో ఉన్నవాడి భక్తిని పరీక్షకు పెట్టడం ఎంతో దూరంలో ఉండదు. రాజ్యాంగం మాత్రం అలాంటి పరీక్ష పెట్టలేదు. ప్రమాణం చేసేటప్పుడు దైవసాక్షిగా అనొచ్చు, ఆత్మసాక్షిగా అనొచ్చు. రెండు దారులూ ఒకే తలుపు దగ్గరికి చేరతాయి.

“సరే, ఒక్క మతానికే చేస్తే తప్పనుకో. రంజాన్‌కు ఎల్బీ స్టేడియంలో ఇఫ్తార్ ఇస్తున్నారు, క్రిస్మస్‌కు విందు ఇస్తున్నారు, బోనాలకు నిధులిస్తున్నారు. అందరినీ సమానంగా చూసినట్టే కదా?”

“వంతులు వేసుకుంటూ పోతే ఆ లెక్క ఎక్కడ తెగుతుంది? భద్రాచలం చుట్టూ ఉన్న కోయగూడేల వేల్పులకు ఏ స్టేడియం ఇచ్చారు? విజయవాడలో గోరా పెట్టిన నాస్తిక కేంద్రం దశాబ్దాలుగా ఉంది. అక్కడి నాస్తికులకు ఏ విందు పెడతారు? సంఖ్య ఉన్నవాళ్లకు పండగ, లేనివాళ్లకు ఏమీ లేదు. దాన్ని సమానత్వం అనడానికి నాకు నోరు రాదు.”

బాబాయి కాసేపు ఊరుకుని తన సర్వీసులో జరిగిన సంగతొకటి చెప్పాడు. కొత్త మండల కార్యాలయం ప్రారంభోత్సవం. గుమ్మానికి మామిడి తోరణం, గడపకు పసుపు, పంతులుగారి మంత్రాలు. తహసీల్దారు కొబ్బరికాయ కొట్టారు. హారతి పళ్లెం సీనియారిటీ వరసలో ఒక్కొక్కరి ముందుకూ వస్తోంది. సర్వేయర్ క్రైస్తవుడు. పళ్లెం తన దగ్గరికి వచ్చేలోపు ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. ఫోన్ మోగలేదని బాబాయికి తెలుసు. “ఎవరూ అతన్ని ఏమీ అనలేదమ్మా,” అన్నాడు.

అనకపోవడం మంచిదే. కానీ తను జీతానికి పనిచేసే ఆఫీసులో, తన పన్నుతో కూడా కట్టిన భవనంలో, ఒక ఉద్యోగి రాని ఫోన్ ఎత్తాల్సి వచ్చింది. నాకు ఆ వరండాయే ముఖ్యం. గుజరాత్ హైకోర్టు భవనానికి భూమిపూజ చేయడాన్ని ప్రశ్నిస్తూ వేసిన పిటిషన్‌ను 2011లో అదే కోర్టు కొట్టేసి, వేసినవాడి మీద ఇరవై వేల ఖర్చులు కూడా మోపింది. భూమిపూజ అందరి మంచి కోరేదేనని అంది. కోరిక మంచిదే కావచ్చు. నా అభ్యంతరం ఆ కోరికను అందరి పేరిట ఒకే భాషలో దేవుడికి చెప్పడం మీద.

“అయితే రేపు కలెక్టరమ్మ బొట్టు చెరిపేయమంటావా?”

“అనను. ఫ్రాన్సులో, కెనడాలోని క్యూబెక్‌లో ఆ దారి పట్టారు. క్యూబెక్ 2019లో చట్టం చేసి ప్రభుత్వ ప్రాసిక్యూటర్లు, పోలీసులు, టీచర్లు మతచిహ్నాలు ధరించకూడదంది. అది మనిషి ఒంటిమీద చెయ్యి వేయడం. మన్మోహన్ సింగ్ పదేళ్లు తలపాగాతోనే ప్రధానిగా ఉన్నారు. ఆ తలపాగా ఎవరినీ లేచి నిలబడమనలేదు, ఎవరి ముందుకూ పళ్లెం తేలేదు. బొట్టు ఆమెది, ఆఫీసు అందరిది.”

మా మాటల్లో సోమనాథ్ గుడి సంగతి కూడా వచ్చింది. 1951 మే 11న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రతిష్ఠకు వెళ్లారు. నెహ్రూ వద్దన్నా వినలేదు. మసీదుకు పిలిచినా చర్చికి పిలిచినా ఇలాగే వెళ్తానన్నారు. ఆ మాటలో నిజాయితీ ఉంది. కాకపోతే మనిషికి సరిపోయే ఆ జవాబు రాష్ట్రపతి పదవికి సరిపోదు.

అసలు నేను అడగాలనుకున్నది కంచర్ల గోపన్న గురించి. “ఆయన కూడా తహసీల్దారే కదా బాబాయ్. వసూలైన శిస్తుతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. భక్తుడే, కానీ సొమ్ము తనది కాదు. గోల్కొండలో బందీ అయ్యాడు. తర్వాత కథలో ఏం జరిగింది?”

“రామలక్ష్మణులు వచ్చి పైకం కట్టి విడిపించారు.”

“ఎందుకు కట్టాలి? గుడి తనకోసం కట్టిందే కదా. నా గుడికి వాడిన సొమ్ము నాదే అనొచ్చుగా దేవుడు? అనలేదు. ఖజానాకు చేరాల్సింది ఖజానాకు చేర్చాడు. మన భక్తుల కథే ఈ తీర్పు చెప్పింది. 2017లో తెలంగాణ వచ్చినందుకు మొక్కు తీరుస్తూ ఐదు కోట్లకు పైగా విలువైన ఆభరణాలు ప్రభుత్వం తరఫున తిరుమలకు వెళ్లాయి. ఆ మొక్కు మొక్కింది ఒకరు, తీర్చింది మరెవరో. గోపన్న కథ పాడుకునే మనకు ఇది తప్పనిపించాలి కదా.”

బాబాయి చాలాసేపు ఆలోచించాడు. “ఆఫీసులో కొబ్బరికాయ వద్దంటే ఒప్పుకుంటా. తలంబ్రాలు మాత్రం ఆపొద్దు. అవి ఆగితే ఒక ముస్లిం రాజు ఈ గుడికి చేసిన మర్యాద కూడా మరుగునపడిపోతుంది.”

ఆ భయం నాకూ ఉంది. “ఆపొద్దు. తానీషా పేరునే, దేవస్థానం నిధితోనే పంపమందాం. ముఖ్యమంత్రికి రావాలని ఉంటే తన డబ్బుతో టికెట్ కొనుక్కుని సెక్టార్‌లో కూర్చుంటాడు. ప్రభుత్వం బస్సులు వేస్తుంది, మంచినీళ్లు పెడుతుంది, తొక్కిసలాట కాకుండా చూస్తుంది. ఆ పని మేడారం జాతరకూ చేస్తుంది, జహంగీర్ పీర్ దర్గాకూ చేస్తుంది. మనిషికి దాహమైతే ఏ దేవుడి దగ్గరికి వచ్చావని అడగక్కర్లేదు.”

“సెక్టార్‌లో కూర్చుంటే ఆయన్ని చూడ్డానికి జనం ఎగబడతారు,” అన్నాడు బాబాయి. బందోబస్తు ఎలా చేయాలో లెక్కలు వేయడం అప్పుడే మొదలుపెట్టాడు.