ముందు చెప్పిన మాట, నడుమ చూచిన లెక్క

రాబోవు దానిని ముందుగా చెప్పుటయందు మనుష్యునకు గల యుత్సాహము, చెప్పిన దానిని మరల తీసి సరిచూచుకొనుటయందు లేదు. ఉగాదినాడు పంచాంగ శ్రవణమునకు చెవి యొగ్గని యిల్లు మనలో అరుదు. ఆదాయ మింత, వ్యయ మింత, రాజపూజ్య మింత, అవమాన మింత యని విని వచ్చెదము. ఆషాఢమాసములో ఆ పంచాంగమును మరల తెఱచి, ఇందు వ్రాసిన దేమి, మనకు జరిగిన దేమి యని పోల్చి చూచిన గృహస్థును మే మింతవరకు నెఱుగము. నమ్మువానికి పోల్చి చూడవలసిన పని లేదు. నమ్మనివాడు ముందే నవ్వి విడిచిపెట్టెను. ఈ యిరువురును ఒక్క తప్పే చేయుచున్నారని మా యభిప్రాయము.

ఈ తలంపు మాకు కలుగుటకు కారణము పంచాంగము కాదు. అమెరికా దేశపు బంతియాట. మా మేనల్లు డొకడు న్యూజెర్సీలో ఉద్యోగము చేయుచున్నాడు. వాడు గడచిన ఆషాఢమాసములో సెలవుమీద వచ్చి మా యింట పదిదినము లుండెను. ఒకనాటి రాత్రి భోజనమైన పిమ్మట వాడొక కాగితము ముందు పెట్టుకొని దీర్ఘముగా ఆలోచించుట చూచి, అది యేమని యడిగితిమి. "మామయ్యా, ఇవి ఆటలు మొదలు కాకముందు మార్చినెలలో నేను వ్రాసిన జోస్యములు. ఇప్పటికి ఆటలు సగము నడచినవి. ఏవి నిలిచినవో, ఏవి పోయినవో చూచుకొనుచున్నాను" అనెను.

చదువరులకు ఆ యాటను గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. బేస్‌బాల్ అను నా క్రీడలో పెద్ద జట్టు లొక్కొక్కటి మార్చి కడపటినుండి సెప్టెంబరు కడపటివరకు 162 ఆట లాడును. ఈ నిజమైన యాటకు నీడవంటి యాట మఱియొకటి కలదు. దానిని ఫాంటసీ బేస్‌బాల్ అందురు. పది పండ్రెండుగురు స్నేహితులు చేరి, ఏడాది యాటలు ప్రారంభము కాకమునుపే నిజమైన ఆటగాండ్ర పేర్లను వంతులచేతనో వేలముపాటచేతనో పంచుకొని, ఎవరికి వారు ఊహాజట్టును కట్టుకొందురు. ఆ యాటగాండ్రు మైదానములో ఎన్ని మారులు బంతిని చక్కగా కొట్టిరి, ఎన్ని పరుగులు తెచ్చిరి యను లెక్కలే యీ యూహాజట్టుల జయాపజయములను నిర్ణయించును. 1960లో విలియం గామ్సన్ అను సమాజశాస్త్రోపాధ్యాయుడు హార్వర్డులో ఇటువంటి దానిని మిత్రులతో ఆడెను. 1980లో డానియల్ ఓక్రెంట్ అను రచయిత న్యూయార్కులో తన స్నేహితులతో నెలకొల్పిన యాటనుండి యిది దేశమంతట వ్యాపించెను. ఇది జూదము కాదా యని యడుగువారు కలరు. పణ మొడ్డి యాడినచో జూదమే. మా వాని కూటమిలో ఓడినవారు గెలిచినవానికి ఒకపూట భోజనము పెట్టుటకంటె వేఱు పణము లేదని విని మేము నెమ్మది చెందితిమి.

వాడు వ్రాసిన జోస్యములు పది. అందు నాలుగు నిలిచినవి, ఆరు పోయినవి. నిలిచిన నాలుగింటిని గూర్చి "ఇది నేను ముందే కనిపెట్టితిని" అని చెప్పెను. పోయిన యారింటిని గూర్చి ఒకనికి మోకాలు నొచ్చినదనియు, ఒకనికి కాలము కలిసి రాలేదనియు చెప్పెను. "నిలిచినవన్నియు నీ బుద్ధిబలము, పోయినవన్నియు వారి మోకాళ్ల దోషమా?" అని మేము నవ్వితిమి. వాడును నవ్వెను గాని, కొంతసేపటికి కలము తీసికొని, మార్చినెలలో తాను ఏ కారణముచేత ఏ మాట చెప్పెనో ఒక్కొక్కదాని కెదురుగా వ్రాయనారంభించెను. అప్పుడు వింత తేలినది. నిలిచిన నాలుగింటిలో ఒకదానికి కారణమే లేదు. ఆ యాటగానియందు వానికి ముచ్చట, అంతియే. పోయిన యారింటిలో రెండింటికి చెప్పిన కారణములు ఎంత వెదకినను తప్పు పట్టరానివి.

ఇక్కడనే ధర్మప్రశ్న మొదలగుచున్నది. ఫలము చక్కబడినంతమాత్రమున ఆలోచన చక్కనిదగునా? చెడినంతమాత్రమున చెడ్డదగునా? మంచి విత్తనము తెచ్చి అదనెఱిగి నాటిన రైతు పంట తుపానుపాలు కావచ్చును. అదను తప్పి చల్లినవాని చేనిపై అకాలవర్షము పడి గాదెలు నిండవచ్చును. ఊరివారు రెండవవానినే తెలివిగలవాడందురు. మఱుసటి యేడు వానినే యనుకరించి చెడిపోవుదురు. కావున ఫలమును మాత్రమే చూచి తీర్పు చెప్పుట నిర్దయ మాత్రమే కాదు. ముందునకు హాని కూడను.

అయినచో ఫలమును చూడనక్కఱలేదా? అదియు కాదు. ఎంత చూడవలెనో, ఎంత నమ్మవలెనో తెలిసికొనుటయే వివేకము. దీనికి ఆ బంతియాటలోనే చక్కని దృష్టాంతము కలదు. బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మారిస్ అను గణితవేత్తలు 1977లో ప్రకటించిన వ్యాసములో 1970వ సంవత్సరపు ఆటగాండ్ర లెక్కను తీసికొనిరి. ఆ యేటి తొలిదినములలో 45 పర్యాయములు బ్యాటు పట్టియున్న 18 మందిని ఎన్నిరి. అందు అగ్రగణ్యుడు రాబర్టో క్లెమెంటే. వేయింటికి 400 చొప్పున కొట్టియుండెను. థర్మన్ మన్సన్ అను క్రొత్తవాడు 178 చొప్పున మాత్రమే కొట్టి అడుగునుండి రెండవవాడై యుండెను. అందఱి సగటు 265. ఈ తొలి లెక్కనే పట్టుకొని మిగిలిన యేడంతయు నిట్లే నడచునని చెప్పుట యొక మార్గము. ప్రతివానిని ఆ సగటువైపునకు చాలదూరము జరిపి చెప్పుట రెండవ మార్గము. ఆ ప్రకారము క్లెమెంటేకు 294, మన్సనునకు 247. ఏడు ముగిసినపిమ్మట చూడగా, మిగిలిన యాటలలో క్లెమెంటే 346, మన్సన్ 316 చొప్పున కొట్టియుండిరి. పదునెనమండ్రకును కలిపి పొరపాటుల వర్గములను కూడి చూచినచో, రెండవ మార్గపు తప్పు మొదటి మార్గపు తప్పులో మూడవవంతునకు లోపుగా నుండెను.

ఇందు రెండు పాఠము లున్నవి. కొద్దిదినముల వైభవమును గాని, కొద్దిదినముల వైఫల్యమును గాని మనుష్యుని నిజస్వరూపమని భ్రమింపరాదనునది మొదటిది. 2008లో చిప్పర్ జోన్స్ జూన్ నడుమవరకు 400కు దిగక కొట్టి, కడకు 364తో ముగించెను. 2023లో లూయిస్ అరాయెజ్ జూన్ కడపటివరకు ఆ యెత్తున నిలిచి, 354కు వచ్చెను. 1941లో టెడ్ విలియమ్స్ 406 సాధించిన తరువాత ఆ పెద్దజట్టులలో ఏడాది పొడుగున 400 నిలుపుకొన్నవాడు లేడు. 2019లో వాషింగ్టన్ నేషనల్స్ జట్టు తొలి 50 ఆటలలో 19 మాత్రమే గెలిచి 31 ఓడెను. ఆ దినమున దానిని లెక్కలోనుండి కొట్టివేసినవారు, ఆ యేటి శరదృతువులో అదియే జగజ్జేత యనిపించుకొనుట చూచిరి.

రెండవ పాఠము మొదటిదానికంటె సూక్ష్మమైనది. సగటు చెప్పిన మాటయు సంపూర్ణసత్యము కాదు. క్లెమెంటేను సగటువైపునకు జరిపినవారు ఆ యొక్కనికి అన్యాయము చేసిరి. వాడు నిజముగనే అందఱివంటివాడు కాడు. ఇక మన్సన్ సగటును మించిపోయి, ఆ యేడే తన విభాగములోని క్రొత్తవారిలో శ్రేష్ఠుడని బహుమాన మందెను. కావున నడుమ లెక్క చూచుకొనువాడు పూర్వపు కారణములను ఒకచేతను, క్రొత్త సాక్ష్యమును ఒకచేతను పట్టుకొని తూచవలెను. తొలిమాటను పరువుకొఱకు పట్టుకొనుట మూర్ఖత. వారము దినముల వార్త విని దానిని వదలుట చాపల్యము.

మన పూర్వులకు ఈ సంగతి తెలియకపోలేదు. నలోపాఖ్యానములో ఋతుపర్ణమహారాజు రథముమీద పోవుచు, దారిలోని తాండ్రచెట్టును ఒక్కచూపు చూచి దాని యాకులును కాయలును ఇన్ని యని చెప్పెను. సారథియైయున్న నలుడు రాజుమాట గదా యని తల యూపలేదు. ప్రొద్దు పోవుచున్నను, రాజు తొందరపెట్టుచున్నను రథము నిలిపి లెక్కపెట్టెను. రాజు చెప్పినట్లే యుండెను. అప్పుడు నలుడు అక్షహృదయమను ఆ విద్యను గ్రహించెను. గ్రహించినంతనే కలి వానిని విడిచెను. ఏ పాచికలవలన రాజ్యము పోయెనో, ఆ పాచికల గుట్టు లెక్కపెట్టుటలోనే యుండెను. ప్రవచించిన రాజుకంటె బండి దిగి లెక్కించిన సారథియే మాకు పూజ్యుడు.

ఇంతవరకు వ్రాసి నిలిపివేసినచో మాకు సుఖముగా నుండును. కాని యా రాత్రి మేనల్లుడు పరుండిన పిమ్మట మాకు నిద్ర పట్టలేదు. మేము బడిపంతులము, మేమును జోస్యములు చెప్పువారమే. ఉద్యోగములో చేరిన క్రొత్తలో ప్రతి జూన్‌నెలయందును పదవతరగతి పిల్లలలో ఎవరు గట్టెక్కుదురో, ఎవరు తప్పుదురో ఒక పుస్తకములో గుర్తు పెట్టుకొనుచుంటిమి. ఫలితములు వచ్చినపిమ్మట పోల్చి చూచి, పదింట తొమ్మిది మాటలు నిలిచినవని లోలోన మురియుచుంటిమి. ఒక యేట ఒక బాలుని పేరు కెదురుగా "తప్పును" అని వ్రాసితిమి. కారణ మేమి? వాని యన్న అంతకు రెండేండ్ల క్రిందట తప్పియుండెను. వీడు వెనుకబల్లమీద కూర్చుండెను. ఇంతకు మించి లేదు. త్రైమాసిక పరీక్షలో వానికి మార్కులు తక్కువ వచ్చినవి. మా మాట నిలుచుచున్నదని తోచెను. అది మొదలు వానిని ప్రశ్న లడుగుట మానితిమి. వాని పుస్తకములో తప్పులు దిద్దుటకు మాఱుగా అడ్డగీత గీచి పంపుచుంటిమి. వాడు తప్పెను. తండ్రి వానిని లారీమీద క్లీనరుగా పంపెను. మేము మాత్రము పుస్తకములో "నిలిచినది" అని గుర్తు పెట్టుకొంటిమి.

ఆ గుర్తు ఇప్పటికిని మా కన్నులయెదుట నున్నది. మా మేనల్లుడు "ఈ యేడు వీడు కొట్టలేడు" అని వ్రాసినంతమాత్రమున న్యూయార్కులోని ఆటగాని దెబ్బ ఒక యంగుళమైనను తగ్గదు. వాని జోస్యము వానికే ఆట. మా జోస్యము వినవలసినవాడు మాయెదుట బల్లమీదనే కూర్చుండియుండెను; మేము నోరు విప్పకున్నను, ప్రతిదినము మా ముఖములో చదువుకొనుచుండెను. తాను చెప్పినది తానే జరిపించి, జరిగినదని మెచ్చుకొనువానికి లెక్క చూచుకొనుటకూడ రక్షణ కాదు. ఏలయనగా లెక్కలో వానికి తప్పు కనబడదు. నిలిచిన మాటనుగూడ నిలువదీసి, "నీవు నిజమగుటలో నా చేయి యెంత?" అని యడుగవలెను. ఈ ప్రశ్న ఆ యాటలో అక్కఱలేదు. ఇంటను, బడిలోను ఇదియే ముఖ్యము.

చదువరులారా, ఇటువంటి పుస్తకములు మన యిండ్లలోను ఉన్నవి. కాగితముమీద లేవు గనుక తెఱచి చూచువారు లేరు. "వీనికి లెక్కలు రావు" అని యెనిమిదేండ్ల బాలునిగూర్చి చెప్పిన తల్లియు, "ఆడపిల్ల, ఈ చదువు ఎంతదూరము సాగును" అనిన తాతయు, కోడలు గడప దాటి వచ్చిన వారమునకే "ఈ పిల్ల ఒద్దికగా ఉండదు" అని నిశ్చయించిన అత్తయు ఏ నడుమకాలమందును మరల లెక్క చూచుకొనలేదు. వారము దినముల లెక్కకే జీవితకాలపు తీర్పు వ్రాసిరి. పిమ్మట ఆ తీర్పునకు తగినట్లే నడచుకొని, చూచితిరా యనిరి.

జోస్యము చెప్పుట మానుడని మేము చెప్పము. మానుట మనుష్యునకు సాధ్యము కాదు. చెప్పినప్పుడు కారణముకూడ వ్రాసి యుంచవలెననియు, సగము కాలము గడచిన పిమ్మట నిష్పక్షపాతముగా తెఱచి చూడవలెననియు, మన చేతిలోనున్న మనుష్యులవిషయమున "తప్పును" అను మాటప్రక్క "తప్పకుండుటకు నేను చేయవలసినదేమి" అను మాటనుకూడ చేర్చవలెననియు మాత్రమే మా విన్నపము. మేనల్లుడు తిరిగి పోయిన పిమ్మట మే మొక క్రొత్త పుస్తకము కుట్టితిమి. జూన్‌నెలలో మనస్సులో నుంచుకొన్న మాటలను కారణములతో సహా అందులోనికి ఎక్కించి, మొన్న దసరా సెలవులలో తెఱచి చూచితిమి. ఏడుగురి పేర్ల కెదురుగా మా మాటను మార్చవలసి వచ్చెను. అందు ముగ్గురి విషయమున మేము వ్రాసిన కారణము కారణమే కాదు. ఆ మువ్వురును ఇప్పుడు ముందుబల్లమీద కూర్చుండుచున్నారు.