వాకిట్లో పూజ

డిసెంబరు 16 ప్రాంతంలో సూర్యుడు ధనూరాశిలోకి వస్తాడు. ఆంధ్ర పల్లెల్లో ఆనాడే సంక్రాంతి నెలగంట పెడతారు. అక్కణ్ణుంచి భోగి దాకా ఇల్లాలు తెల్లవారకముందే లేచి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టాలి. వరి నూర్పిళ్లు, పిల్లల పరీక్షలు, ఆఫీసు బస్సు ఈ నెల కోసం ఆగవు. వీటన్నిటి నడుమ ఆమె దక్కించుకున్న ఆ కాసేపటిని ఏమనాలి? పూజా, ఇంటిపనా, సరదానా?

సంసారం పక్కన పెడితేనే సాధన అని నమ్మేవాళ్లు మనలో ఎప్పుడూ ఉన్నారు. ఆ లెక్కన పొయ్యి, పొలం, ముగ్గుగిన్నె అన్నీ అడ్డంకులే. భగవద్గీత 18వ అధ్యాయం మాత్రం ఎవరి పనితో వాళ్లు భగవంతుణ్ణి అర్చించవచ్చని తేల్చి చెప్పింది.

ధనుర్మాసం అనే ఈ నెలకు ప్రాణం తిరుప్పావై. శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి పాడిన 30 పాశురాలు, రోజుకొకటి. తిరుమలలో ధనుర్మాసమంతా సుప్రభాతం బదులు వీటినే వినిపిస్తారు. రెండో పాశురంలో నియమాలు గట్టివే: నెయ్యి తినం, పాలు తాగం, కాటుక పెట్టం, పూలు ముడవం. ఆ తర్వాత గోద చేసే పని చూడండి. ఆరో పాశురం నుంచి పదిహేనో పాశురం దాకా ఇంటింటికీ వెళ్లి చెలులను నిద్ర లేపుతుంది. మొత్తం వ్రతంలో మూడో వంతు దీనికే పోయింది! ఒక్కతే వెళ్లి స్వామిని చూసి రావచ్చు, వెళ్లదు. 27వ పాశురానికల్లా వదులుకున్న నగలు, కొత్త బట్టలు, మోచేతి దాకా నెయ్యి కారే పాలబువ్వ, అందరూ కలిసి కూర్చుని తినడం అన్నీ వచ్చేస్తాయి. భక్తి పేరుతో అందాన్నీ రుచినీ శాశ్వతంగా కాదనుకోలేదు గోద. వ్రతఫలంలో వాటికీ చోటిచ్చింది.

ఇప్పుడు వాకిట్లోకి వద్దాం. 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేవరకు. చెప్పడానికి ఒక్క ముక్క. పెట్టాల్సిన చుక్కలు మాత్రం 169. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా, ఒకే ధారగా జారాలి. నేల తడి మరీ ఎక్కువైతే గీత పాకిపోతుంది, ఆరిపోతే గాలికి లేచిపోతుంది. ఒక్క చుక్క పక్కకు జరిగితే మెలిక కలవదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన గిఫ్ట్ సిరోమణి, ఆయన సహచరులు 1974లో ఈ గీతల వెనకున్న క్రమాన్ని కంప్యూటర్ శాస్త్రపు వ్యాకరణాలతో వివరించారు. బడి మొహం చూడని అమ్మమ్మలు ఆ క్రమాన్ని వేళ్లలోనే దాచుకున్నారు.

ఇంత శ్రద్ధగా వేసింది మధ్యాహ్నానికి కాళ్ల కింద చెరిగిపోతుంది. బియ్యప్పిండితో వేస్తే చీమలకు తిండి అవుతుంది. గుమ్మడిపూలు తురిమిన గొబ్బెమ్మలు ఎండి పిడకలై, దండలుగా మారి భోగిమంటలో పడతాయి. చేసింది దాచుకోవాలన్న ఆశ లేకుండా, అయినా వంక లేకుండా చేయడం. భగవద్గీత కర్మఫలం గురించి చెప్పింది ఇక్కడ కళ్లెదుటే కనిపిస్తుంది. కాబట్టి ముగ్గు పూజే. అందులో అనుమానం అక్కర్లేదు.

అయితే పూజ అని పేరు పెట్టి చాకిరీని ఒక్కరి నెత్తిన వేయడం ధర్మం కాదు. నాలుగింటికి లేచింది ఆమే, కళ్ళాపి ఆమే, ఆ తర్వాత క్యారేజీలు సర్దేదీ ఆమే అయితే, ఇంట్లో మిగతావాళ్లు ఆ పుణ్యంలో వాటా అడగకూడదు. గోద అందరినీ లేపింది కదా. రాబోయే ధనుర్మాసంలో మగపిల్లలనూ లేపండి. చీపురు, నీళ్ల బకెట్ వాళ్లకివ్వండి, చుక్కలు పెట్టడం నేర్పండి. పొయ్యి దగ్గరి పని ఆ పూటకు నాన్నకు అప్పజెప్పండి.