లెక్కకు అందని ఫలితం

సర్కారు సొమ్ముతో పేదలకు సేవ చేసేవాడు లెక్క చెప్పాలా? చెప్పాలి. అది జనం సొమ్ము. నా సందేహమల్లా ఆ లెక్క ఎవరికి చెప్పాలన్నదే.

1988లో మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్ కింద స్వచ్ఛంద కార్యకర్తలు జీతం లేకుండా పెద్దలకు చదువు చెప్పారు. ఎందరు చేరారు, మొదటి వాచకం ఎందరు ముగించారు, మూడోది ఎందరు ముగించారు - పైవాళ్ళడిగిన లెక్కలు ఇవి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆ చదువుకు కూర్చున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. కూలి డబ్బు ఇల్లు చేరడానికి వాళ్ళకు కనిపించిన దారి అది. ఉద్యమం జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. సారా పాటలతో ఖజానా నింపుకున్నదీ సర్కారే, ఈ చదువులకు సొమ్మిచ్చిందీ సర్కారే. మరి ఈ ఫలితాన్ని ఏ గడిలో రాయాలి?

గళ్ళు తీసేయమనను. అవి లేకపోతే బడి నడపనివాడూ నడిపానంటాడు. కాని అంకె అంతా చెప్పదు. రాష్ట్రం బయట ఉన్న మనకిది తెలిసిందే: జనాభా లెక్కల్లో మన మాతృభాష తెలుగు. మన పిల్లలు తెలుగు చదవగలరా అన్నది ఆ గడి చెప్పదు.

నివేదిక పైకి పోతే చాలదు, కిందికీ రావాలి. 1994లో రాజస్థాన్ పల్లెల్లో ప్రభుత్వ పనుల లెక్కలు ఊరివాళ్ళ ముందే చదివారు. దొంగలెక్కలు అక్కడే పట్టుబడ్డాయి. సేవ లెక్కనూ అలాగే చదవాలంటాను. దొంగ అంకెను పట్టేదీ, అంకెకు అందని మేలును చెప్పగలిగేదీ ఆ ఊరే.